పోయిన జంక్షన్‌ను వెతికేవాళ్లకు తలకిందుల సలహాలు

పాత రైలు జంక్షన్ ఎక్కడుండేదో, అందులోని తంతి ఆఫీసు ఏ మూలన ఉండేదో కనిపెట్టాలని బయల్దేరేవాళ్లకు ముందుగా మూడు మాటలు చెబుతాను. అది ఉండేదని అందరూ వేలు పెట్టి చూపించే చోటికి ముందు వెళ్లకండి. పట్టాల కోసం వెతక్కండి. ఊళ్లో పెద్దాయన్ని పట్టుకుని "తాతా, స్టేషన్ ఎక్కడుండేది?" అని అడక్కండి. విన్నవాళ్లు తప్పుడు సలహాలంటారు. అననివ్వండి. నేను ఈ మూడింటి మీదే నిలబడతాను. ఎందుకో చెప్పడానికి ధనుష్కోటి కంటే మంచి చోటు నాకు తెలీదు.

రామేశ్వర యాత్ర చేసిన మనవాళ్లలో చాలామంది అక్కణ్ణించి ఆటోనో వ్యానో మాట్లాడుకుని ధనుష్కోటి వెళ్తారు. ఇసకలో సగం కూలిన చర్చి, స్టేషన్ గోడలు చూసి "ఇక్కడిదాకా రైలొచ్చేదట" అనుకుంటూ ఫొటోలు దిగి వెనక్కొస్తారు. కొంచెం ఆసక్తి ఉన్నవాడు తిరుగు ప్రయాణంలో కిటికీలోంచి చూస్తూ, రోడ్డు పక్కన పాత రైలు కట్ట ఆనవాలు ఏమైనా కనిపిస్తుందా అని రామేశ్వరం దాకా వెతుకుతాడు. తను రామేశ్వరం నుంచి వచ్చాడు కాబట్టి రైలు కూడా రామేశ్వరం నుంచే వచ్చి ఉంటుందని అతని లెక్క. ఆ లెక్క తప్పు. ధనుష్కోటి లైను రామేశ్వరం మీదుగా వెళ్లలేదు. సముద్రం మీది వంతెన దాటి దీవిలో అడుగుపెట్టగానే వచ్చే పాంబన్ దగ్గరే అది చీలిపోయేది. ఒక లైను రామేశ్వరానికి, ఇంకోటి ఆగ్నేయంగా ధనుష్కోటికి. ఆ రెంటిలో పెద్ద లైను ధనుష్కోటిదే. రామేశ్వరానిది కొమ్మ లైను.

ఇది మనకు మింగుడు పడదు. అంత పెద్ద క్షేత్రానికి కొమ్మ లైనా? కానీ రైలు వేసింది యాత్రికుల కోసం కాదు, సిలోన్ కోసం. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన తెరిచాక మద్రాసు ఎగ్మూరులో ఎక్కిన మనిషి ధనుష్కోటి రేవులో దిగి, ఓడలో తలైమన్నార్ చేరి, అక్కడ మళ్లీ రైలెక్కి కొలంబో వెళ్లేవాడు. ఆ బండికి బోట్ మెయిల్ అని పేరు. సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ల దృష్టి అంతా ఆ టపా మీద, ఆ ప్రయాణికుల మీద. గుడికి పోయేవాళ్లు పాంబన్‌లో మారేవారు. కాబట్టి వెతకాల్సిన జంక్షన్ పాంబన్. రామేశ్వరానికి రైల్లో వెళ్లే ప్రతి యాత్రికుడూ దాని మీదుగానే వెళ్తాడు. వంతెన మీద సముద్రం చూసిన పరవశంలోనే ఉంటాడు కాబట్టి స్టేషన్ కేసి చూడడు. అక్కడిప్పుడు మిగిలింది ఒక్క లైనే అయినా, పేరు చివర జంక్షన్ అన్న మాట కాగితాల మీద ఇంకా ఉంది.

అందుకే అంటున్నాను, శిథిలం ఉన్న చోటికి ముందు వెళ్లొద్దని. శిథిలం కంటికి ఇంపుగా ఉంటుంది, మనసును అక్కడే కట్టి పడేస్తుంది. బండి ఎవరికోసం నడిచింది, ఎక్కడికి చేరాలని నడిచింది అన్న ప్రశ్న ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. అది తేలకుండా ఎంత తిరిగినా ఇవాళ్టి బస్సు రూట్లనే నిన్నటి రైలు రూట్లనుకుంటాం. పాంబన్ పక్కన రోడ్డు వంతెన వచ్చింది 1988లో. అంతవరకూ ఆ దీవికి నేల మీది దారంటే రైలు దారే.

ఇక పట్టాల సంగతి. రైలు పోయిన చోట అన్నిటికంటే ముందు పోయేవి పట్టాలే, ఎందుకంటే అందులో డబ్బున్నది వాటికే. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో లైను వేశారు. 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ రైలు కూత వినపడటానికి కోనసీమ అంచు ఊళ్లు 2004 దాకా ఆగాయి. అమెరికాలో ఇంకా పెద్ద ముచ్చట. తూర్పు నుంచీ పడమర నుంచీ వేసుకుంటూ వచ్చిన లైన్లు 1869 మే 10న యూటా రాష్ట్రంలో ప్రోమంటరీ సమ్మిట్ దగ్గర కలిశాయి. ఆఖరి మేకు కొట్టగానే అక్కడి తంతి ఆపరేటరు 'అయిపోయింది' అని దేశమంతటికీ కబురు కొట్టాడు. అంతటి చోటును 1904లో ఉప్పు సరస్సు మీదుగా వేసిన అడ్డదారి పక్కకు నెట్టేసింది. 1942లో యుద్ధం పేరు చెప్పి అక్కడి పట్టాలనూ పీకేశారు. పేరు కూడా జనాన్ని తికమక పెట్టింది. దక్షిణాన ముప్పై మైళ్లకు పైగా దూరంలో, సరస్సులోకి పొడుచుకొచ్చిన ప్రోమంటరీ పాయింట్ అనే కొన ఉంది. మేకు కొట్టింది అక్కడేనని పుస్తకాల్లో సైతం రాశారు, ఇప్పటికీ రాస్తున్నారు. అటువైపు ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఎప్పుడైనా చూడబోతే సమ్మిట్‌కే వెళ్లమనండి.

ఒకవేళ పట్టా ముక్క దొరికినా దాన్ని నమ్మకండి. రైలు కమ్మి నడుము మీద తయారు చేసిన కంపెనీ పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. తుప్పును గుడ్డతో తుడిచి, సుద్దముక్క అడ్డంగా రాస్తే చదవొచ్చు. చదివి సంబరపడిపోయి, ఆ సంవత్సరంలోనే ఇక్కడ లైను వేశారని రాసుకుంటారు. పెద్ద లైన్లో అరిగిన కమ్మిని పీకి కొమ్మ లైన్లో వేయడం, అక్కడా పనైపోయాక గేటు స్తంభంగానో కంచె గుంజగానో పాతడం రైల్వేలో మామూలు. ఆ సంవత్సరం కమ్మి పుట్టుకకు సాక్ష్యం, చోటుకు కాదు.

చోటుకు సాక్ష్యం చెప్పేవి మట్టి, రాయి, నీళ్లు.

మట్టిని చూడటానికి చల్లటి రోజులు ఎంచుకోకండి. నడి వేసవిలో వెళ్లండి. పంట కోసేసి ఉంటుంది, చెరువు అడుగంటి ఉంటుంది. అదీ మధ్యాహ్నం కాదు, పొద్దు వాలేటప్పుడు. ఏటవాలు ఎండలో అడుగు ఎత్తు కట్టకు కూడా నీడ పడుతుంది. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు అదే కట్ట మీద మీరు నిలబడి ఉన్నా తెలీదు. రైలు కట్టను కాలవ గట్టుతో, డొంకతో పోల్చి చూడటం నేర్చుకోవాలి. కాలవ గట్టు నేల వాలును బట్టి మెలికలు తిరుగుతుంది. డొంక పొలాల హద్దుల్ని బట్టి ఠక్కున మలుపు తిరుగుతుంది. రైలు ఠక్కున తిరగలేదు. దాని వంపు అంత నెమ్మదిగా ఉంటుంది కాబట్టే నడుస్తున్నవాడికి తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. మీటర్ గేజి కట్ట పైవెడల్పు సుమారు 16 అడుగులు, బ్రాడ్ గేజిది 20. వానలకు అంచులు జారి తగ్గుతుంది గానీ పెరగదు.

ఇక్కడే నా అసలు సలహా. జంక్షన్‌ను జంక్షన్‌లో వెతక్కండి. యార్డు కోసం చదును చేసిన విశాలమైన నేల ఊరి పక్కనే ఊరికే పడి ఉంటే ఎవరు వదులుతారు? బస్టాండో, మార్కెట్ యార్డో, కొత్త కాలనీయో అక్కడ లేచి ఉంటుంది. ఆనవాలు మొదట చెరిగేది కలిసిన చోటే. అందుకని రెండు మూడు కిలోమీటర్లు అవతలికి పోండి. పొలాల్లో ఒక కట్ట ముక్క పట్టుకోండి. ఇంకో దిక్కున రెండో కట్ట ముక్క పట్టుకోండి. రెంటి దిశా కాగితం మీద గీసి, నెమ్మదైన వంపుతో ముందుకు పొడిగించండి. అవి ఒకదానికొకటి దగ్గరై చాలా దూరం ఇంచుమించు పక్కపక్కనే నడిచి, తర్వాత ఒకటవుతాయి. ఆ ఒకటయ్యే చోటే మీ జంక్షన్. అక్కడ ఏమీ కనపడక్కర్లేదు. సినిమా హాలు ఉన్నా సరే.

కట్ట పోయినా తూము పోదు. రైల్వేవాడు వెళ్లిపోయినా వాన నీరు అటునుంచి ఇటు పోవాల్సిందే కాబట్టి రైతులు దాన్ని చెడగొట్టరు. తూము దగ్గర కూర్చుని చూడాలి, నిలబడి చూస్తే సరిపోదు. ఇనప దూలాలు ఎప్పుడో పోయి ఉంటాయి. అటూ ఇటూ చెక్కిన రాళ్లతో కట్టిన గోడలు మిగులుతాయి. ఆ గోడ పైవరసలో మిగతా వాటికంటే పెద్దవైన నున్నటి దిమ్మరాళ్లు కనిపిస్తాయి. దూలం కాళ్లు ఆనింది వాటి మీదే. వేలు పెట్టి తడిమితే బోల్టు కన్నాలు తగులుతాయి, చుట్టూ రాయి తుప్పు రంగు పీల్చుకుని ఉంటుంది. రెండు దిమ్మరాళ్ల మధ్య దూరం కొలిచి రాసుకోండి. పిట్టగోడలుంటే అది రోడ్డు తూము అయి ఉండొచ్చు. ఇలాంటి రైలు తూముకు పిట్టగోడ అక్కర్లేదు.

ఇంజన్లు ఆగి పొయ్యి శుభ్రం చేసుకున్న చోటు జంక్షన్ కిందే లెక్క. అక్కడ నేలను ఒక అడుగు తవ్వితే బొగ్గు చిట్టెం వస్తుంది, నల్లగా, తేలిగ్గా, చిల్లులు చిల్లులుగా. ఇంటి పొయ్యి బూడిద అలా ఉండదు. లైను పొడుగునా అక్కడక్కడ పడ్డ చిట్టెం వేరు, పలుగు దిగినంత మేరా పరుచుకున్న చిట్టెం వేరు. రెండోది కనబడితే అక్కడ షెడ్డో, ఇంజన్లు కాచుకున్న సైడింగో ఉండేదని గట్టిగా అనుకోవచ్చు.

కాగితాల విషయంలోనూ తలకిందులుగానే వెళ్లండి. రైల్వే మ్యాపు ఆఖర్న చూడండి, రెవెన్యూ రికార్డు ముందు చూడండి. రైల్వే లైను పీకేశాక మ్యాపులోంచి తీసేస్తుంది. రెవెన్యూవాడు భూమిని అంత తేలిగ్గా మరిచిపోడు. ఆంధ్ర జిల్లాల్లో అయితే డైగ్లాట్ అనే భూమి రిజిస్టరు, ఎఫ్ఎంబీ అనే కొలతల పటం చూడాలి. తెలంగాణలో వాటి బదులు సేత్వారు, టిప్పన్. రైల్వే కోసం తీసుకున్న నేలకు విడి సర్వే నంబరో సబ్ డివిజనో ఉంటుంది. గ్రామ నక్షాలో అది పొలాలన్నిటినీ కోసుకుంటూ పోయే సన్నటి పొడుగాటి పట్టీ. స్టేషన్ ఉన్నచోట ఎలుకను మింగిన పాములా ఆ పట్టీ ఉబ్బుతుంది. జంక్షన్ ఉన్నచోట ఉబ్బు దాటాక రెండుగా చీలుతుంది. నక్షాలో ఆ చీలిక కనిపించిందంటే మిగతా తిరుగుడంతా నిర్ధారణకే.

నది ఒడ్డు ఊళ్లయితే ఇంకో తిరకాసు సలహా ఉంది. స్టేషన్ తేదీ వెతకడం మాని వంతెన తేదీ వెతకండి. వంతెన రాకముందు లైను ఒడ్డున ఆగిపోయేది. అక్కడ మనుషులు, సరుకు, టపా అన్నీ పడవెక్కాలి. అందువల్ల ఆ ఒడ్డు స్టేషన్ కొన్నేళ్లపాటు జంక్షన్‌కు మించిన సందడి చూసి, వంతెన తెరిచిన మర్నాడే మామూలు స్టేషన్ అయిపోయేది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయ్యేదాకా గుంతకల్లు వైపు నుంచి వచ్చిన మీటర్ గేజి లైనుకు తాడేపల్లి ఒడ్డే చివర. నిజాం వారి లైను అప్పటికే అవతల బెజవాడ చేరి ఉంది. రెండు కంపెనీల బళ్లు నదికి అటొకటి ఇటొకటి ఆగి ఉండేవి. రాజమండ్రి, కొవ్వూరు మధ్య 1900లో హేవ్‌లాక్ వంతెన తెరిచేదాకా గోదావరి దగ్గరా ఇదే కథ. అలాంటి కొన్నేళ్ల జంక్షన్లు ఊరి చరిత్రల్లో కనపడవు. ఒక తరం వాళ్లకు మాత్రం ప్రపంచమంతా వాటి మీదుగానే వచ్చింది. వాటిని కనిపెట్టడం పెద్ద స్టేషన్ల చరిత్ర రాయడం కంటే అవసరమని నా నమ్మకం.

తంతి ఆఫీసు కోసం భవనం వెతికేవాళ్లు ఎప్పటికీ దాన్ని కనిపెట్టలేరు. చిన్న ఊళ్లలో తంతి ఆఫీసంటే ఒక బల్ల. స్టేషన్ మాస్టరు గదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద కబురు కొట్టే మీట, వచ్చిన కబురును టకటకలాడించే సౌండరు, కింద బ్యాటరీ జాడీలు. సర్కారు తంతి శాఖ వేరు, రైల్వే వాళ్ల తంతి వేరు. అయినా సర్కారు ఆఫీసు లేని చోట స్టేషన్లోనే డబ్బులు కట్టించుకుని జనం పంపే టెలిగ్రాంలు తీసుకునేవారు. 1883 నుంచి తపాలా ఆఫీసుల్లో కూడా తంతి బల్లలు వేయడం మొదలైంది. కాబట్టి పాత జాబితాలో ఫలానా ఊళ్లో తంతి ఆఫీసు ఉందని రాసి ఉంటే, అది బజారు వీధిలో ఉందా, ప్లాట్‌ఫాం మీద ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి గోడ చూడండి. చూరు కింద ఇనప బ్రాకెట్టు విరిగిన మొదలు, తీగ లోపలికి వెళ్లిన కన్నం, అదృష్టముంటే పింగాణీ కప్పు ముక్క. గోడ కూడా లేకపోతే బావి చూడండి. తంతికి పోయే తీగ ఒక్కటే, తిరుగు దారి భూమే. అందుకని ఎప్పుడూ తడి ఉండే చోట లోహపు రేకు పాతి దానికి తీగ కలిపేవారు. బావి పక్క అందుకు అనువైన చోటు. స్తంభాలు పోయినా వాటిని లాగి పట్టిన స్టే తీగల లంగర్లు నేలలో మిగులుతాయి. తీగ తిన్నగా పోయే చోట స్టే అవసరం తక్కువ. అది దిక్కు మార్చుకునే చోట, చీలే చోట, ఆగే చోట తప్పనిసరి. కాబట్టి లంగరు కనబడిందంటే తీగ అక్కడ ఏదో నిర్ణయం తీసుకుంది.

ఇక పెద్దవాళ్లు. స్టేషన్ ఎక్కడని అడిగితే వాళ్లు ఇవాళ్టి రోడ్డు చూసి చెబుతారు. అలా అడక్కండి. ఆడవాళ్లను అడగండి, మంచినీళ్లు ఏ బావి నుంచి తెచ్చుకునేవారని. ఇంజన్‌కు నీళ్లు కావాలి కాబట్టి రైల్వేవాడు ఊళ్లోకెల్లా ఎండని బావి తవ్వుకునేవాడు, వేసవిలో ఊరంతా దాని మీద పడేది. తర్వాత టెలిగ్రాంల గురించి అడగండి. ఎవరింటికి వచ్చింది, ఎన్ని గంటలకు, తెచ్చినవాడు ఏ వైపు నుంచి సైకిలు మీద వచ్చాడు. టెలిగ్రాం అంటే చావు కబురే అనుకున్న రోజులవి. కవరు విప్పకముందే ఇంట్లో ఏడుపులు లేచేవి. ఆ రోజు ఎండా, వానా, ఎవరు వాకిట్లో ఉన్నారు, కబురు ఎటునుంచి వచ్చింది, ఇవన్నీ ముసలి వయసులో కూడా చెక్కు చెదరవు. రెండు మూడు ఇళ్లలో ఇలా అడిగి దిక్కులు గీసుకుంటే ఆఫీసు ఏ మూలన ఉండేదో తెలిసిపోతుంది. 2013 జులైలో దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది. అది అందుకున్నవాళ్ల తరం ఉండగానే ఈ పని చేయాలి, దీనికి వాయిదా లేదు.

చివర్న, స్టేషన్లకున్న పొట్టి కోడ్‌లు చదవడం అలవాటు చేసుకోండి. అవి తంతి మీద పేర్లు క్లుప్తంగా పంపిన రోజుల నాటి అలవాటు. ఊరి పేరు మారినా చాలాచోట్ల అవి మారలేదు. విజయవాడ ఇప్పటికీ బీ-జెడ్-ఏ, అంటే బెజవాడ. మచిలీపట్నం ఎం-టీ-ఎం. కాజీపేట, డోర్నకల్ కోడ్‌ల చివర జంక్షన్‌కు గుర్తుగా జే నిలిచే ఉంది. పాత టైం టేబుళ్లలో ఊళ్ల పేర్లు ఇంగ్లిషు వాడి నోటికి వచ్చినట్టు ఉంటాయి కాబట్టి కోడ్ పట్టుకుని వెళ్లడమే మేలు.

మొదలుపెట్టిన ధనుష్కోటి గురించే ఇంకో మాట. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను గురించి మాట్లాడేటప్పుడు, ఆ రోజుల్లో రామేశ్వరం వచ్చి ఉన్న సినీ తారలు సావిత్రి, జెమినీ గణేశన్ ప్రాణాలతో బయటపడ్డారన్నది మనవాళ్లకు గుర్తుంటుంది. ఆ రాత్రి సముద్రం మింగిన పాసింజరు బండి ఎక్కడ బయల్దేరిందో గుర్తుండదు. అది పాంబన్‌లో బయల్దేరింది, నేరుగా ధనుష్కోటికి. వందకు పైగా మనుషులు అందులో ఉన్నారు. సిగ్నళ్లు పనిచేయలేదు, ముందు స్టేషన్ నుంచి ఏ కబురూ లేదు. అదే తుపానులో దెబ్బతిన్న పాంబన్ వంతెనను రైల్వే ఇంజనీరు శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో బాగుచేసి రామేశ్వరానికి మళ్లీ బండి నడిపింది. ధనుష్కోటి లైను మాత్రం మళ్లీ వేయలేదు. పాంబన్ జంక్షన్ జంక్షన్ కాకుండా పోయింది ఆ రాత్రే.

ఈసారి రామేశ్వరం వెళ్లేటప్పుడు టికెట్ పాంబన్ దాకానే తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో కొత్త వంతెన తెరిచారు, బళ్లు మళ్లీ నడుస్తున్నాయి. స్టేషన్లో దిగాక గుడి వైపు పోయే పట్టాలకు కుడిపక్కన, దక్షిణంగా దూరంగా నడవండి. రెండు కట్టల దిశలూ గీయండి, తూములు కొలవండి, బావుల గురించి అడగండి. తేలిన చోటుకు సర్వే నంబరు వేసి, మీ నోటు పుస్తకం నకలు ఒకటి ఆ ఊరి బడిలో ఇచ్చి, తర్వాత దర్శనానికి వెళ్లండి.